రస్ట్ ఎర్రర్లను పైథాన్ ఎక్సెప్షన్లుగా మార్చడం ఎలా

నగరంలోని వాన లెక్కలను చదివే ఒక చిన్న లైబ్రరీని రస్ట్‌లో రాసి, దానిని పైథాన్ స్క్రిప్టుల నుంచి పిలుస్తున్నారనుకోండి. బేగంపేట, ఉప్పల్, ఖైరతాబాద్, శేరిలింగంపల్లి వంటి చోట్ల కొలతలు ఒక ఫైల్‌లో వరుసకు ఒకటి చొప్పున ఉంటాయి: స్థలం పేరు, తేదీ, గంట, మిల్లీమీటర్లు. మాదాపూర్‌లో నేను పనిచేసిన ఒక చోట ఇలాంటి లైబ్రరీయే ఒకసారి అర్ధరాత్రి జాబ్ మధ్యలో ఆగిపోయింది. పొద్దున లాగ్ తెరిస్తే "వాల్యూఎర్రర్: ఇన్వాలిడ్ ఫ్లోట్ లిటరల్" అన్న ముక్క తప్ప మరేమీ లేదు. ఏ ఫైలో, ఎన్నో వరుసో, అక్కడ ఏం రాసి ఉందో తెలియదు. మూడు లక్షల పైచిలుకు వరుసలను జల్లెడ పట్టాక తేలిందేమిటంటే, ఒక వరుసలో 12.5 ఉండవలసిన చోట ఎవరో "12.5 మి.మీ." అని టైపు చేశారు. రస్ట్ కోడ్‌కు ఆ వరుస సంఖ్యా తెలుసు, ఆ అక్షరాలూ తెలుసు. పైథాన్‌కు అప్పగించే ముందు వాటిని పారేసింది మేమే.

అలా పారేయకుండా ఎర్రర్‌ను ఒక భాష నుంచి మరో భాషకు ఎలా చేరవేయాలో ఈ వ్యాసంలో ఒక్కొక్క అడుగుగా వివరిస్తాను. రెండు భాషలనూ కలిపే క్రేట్ (రస్ట్ లైబ్రరీ ప్యాకేజీ) పైఓ3, బిల్డ్ చేసే పనిముట్టు మాట్యురిన్ అని అనుకుంటున్నాను. మీకు రస్ట్‌లో ఈనమ్‌లు, ట్రెయిట్‌లు, పైథాన్‌లో క్లాసులు తెలిసి ఉంటే చాలు.

ముందుగా తెలియవలసిన తేడా

రస్ట్‌లో ఎర్రర్ ఒక మామూలు విలువ. ఫంక్షన్ తిరిగి ఇచ్చే రిజల్ట్‌లో ఓకే గానీ ఎర్ గానీ ఉంటుంది, ఏ రకం ఎర్రర్ రావచ్చో ఫంక్షన్ సిగ్నేచర్‌లోనే రాసి ఉంటుంది. పైథాన్‌లో ఎక్సెప్షన్ ఎవరైనా పట్టుకునే దాకా పిలిచినవారి మీదుగా పైకి పోతూనే ఉంటుంది, ఫంక్షన్ పేరు చూసి ఏది రాగలదో చెప్పలేం. ఈ రెండింటి మధ్య, సీ భాషలో రాసిన ప్రామాణిక పైథాన్ ఇంటర్‌ప్రెటర్ అయిన సీపైథాన్ పెట్టిన ఏర్పాటు మరొకటి ఉంది. సీ స్థాయిలో ఉన్న ఫంక్షన్ విఫలమైతే, ప్రస్తుత థ్రెడ్‌కు చెందిన ఒక గుర్తులో ఎక్సెప్షన్‌ను ఉంచి, తాను నల్ పాయింటర్‌ను తిరిగి ఇవ్వాలి. గుర్తు పెట్టకుండా నల్ ఇచ్చినా, గుర్తు పెట్టి మామూలు విలువ ఇచ్చినా ఇంటర్‌ప్రెటర్ సిస్టమ్‌ఎర్రర్ లేవనెత్తుతుంది. సీలో నేరుగా ఎక్స్‌టెన్షన్ రాసేవారు ఈ నియమాన్ని ప్రతి ఫంక్షన్‌లోనూ చేత్తో పాటించాలి. పైఓ3లో అయితే మీ ఫంక్షన్ ఎర్ తిరిగి ఇస్తే చాలు, మిగిలిన తంతు మాక్రో రాసిన కోడే జరిపిస్తుంది. కాబట్టి మన పని ఎర్రర్‌ను దాటించడం కాదు, ఏ రూపంలో దాటించాలో నిర్ణయించడం.

మొదటి అడుగు: కాగితం మీద వర్గీకరించండి

కోడ్ ముట్టుకోక ముందే లైబ్రరీ ఎన్ని విధాలుగా విఫలం కాగలదో రాసుకోండి. ప్రతిదాని పక్కన, రస్ట్‌లో ఏం జరిగిందన్నది కాకుండా, పైథాన్‌లో దీనిని అందుకున్న మనిషి తరువాత ఏం చేస్తాడన్నది రాయండి. ఎక్సెప్షన్ క్లాసును నిర్ణయించవలసింది ఈ రెండవ గడియే. అందుకున్నవాడు చేసే పని ఒకటే అయితే రస్ట్‌లోని అయిదు వేరియంట్లను ఒకే క్లాసుగా కలిపేయవచ్చు. చేసే పని వేరైతే రస్ట్‌లోని ఒకే వేరియంట్‌ను రెండు క్లాసులుగా విడగొట్టవలసి వస్తుంది.

ఇలా విడగొట్టవలసి రావడం హైదరాబాద్‌లో పెరిగినవారికి కొత్తేమీ కాదు. ఉర్దూలో "కల్" అంటే నిన్న కూడా, రేపు కూడా. "కల్ ఆయా" అంటే నిన్న వచ్చాడని, "కల్ ఆయేగా" అంటే రేపు వస్తాడని క్రియను బట్టి తెలుస్తుంది, కానీ ఒక్క "కల్" అనే మాటను విడిగా చేతిలో పెట్టి తెలుగు చేయమంటే ఎంత తెలిసినవారైనా ఆగిపోతారు. రస్ట్ ప్రామాణిక లైబ్రరీలో, అడిగినది దొరకలేదని చెప్పే నాట్‌ఫౌండ్ ఎర్రర్ కూడా అలాంటిదే. వాడేవారు ఇచ్చిన దారిలో వాన ఫైల్ దొరకకపోతే అది పైథాన్‌లో ఫైల్‌నాట్‌ఫౌండ్‌ఎర్రర్ కావాలి, ఎందుకంటే దానిని పట్టుకున్న స్క్రిప్టు మరో దారి అడుగుతుంది. లైబ్రరీతో పాటు రావలసిన కేంద్రాల పట్టిక ఫైలే దొరకకపోతే తప్పు ఇన్‌స్టాలేషన్‌ది. దానినీ ఫైల్‌నాట్‌ఫౌండ్‌ఎర్రర్‌గా పంపితే స్క్రిప్టు వాడుకరిని మళ్లీ మళ్లీ దారి అడుగుతూ కూర్చుంటుంది.

మన ఉదాహరణలో నాలుగు వర్గాలు తేలుతాయి. ఫైల్ తెరుచుకోకపోవడం ఓఎస్‌ఎర్రర్ కుటుంబానికి చెందుతుంది. ఒక వరుస చెడి ఉండడానికి మన సొంత క్లాసు కావాలి. మొదటి తేదీ కంటే చివరి తేదీ ముందుండడం వంటి తప్పు ఆర్గ్యుమెంట్‌కు మామూలు వాల్యూఎర్రర్ సరిపోతుంది. ఇన్‌స్టాలేషన్ లోపానికి మరో సొంత క్లాసు ఉండాలి.

రెండవ అడుగు: రస్ట్ వైపు ఎర్రర్‌ను నిండుగా ఉంచండి

కోడ్‌ను రెండు క్రేట్లుగా విడదీయండి. ఫైల్ చదివే అసలు క్రేట్‌కు పైథాన్ అనేది ఒకటుందని కూడా తెలియకూడదు, రెండవది వంతెన మాత్రమే. అసలు క్రేట్‌లో ఎర్రర్ కోసం ఒక ఈనమ్ రాసి, ప్రతి వేరియంట్‌లో వివరాలను విడివిడి ఫీల్డులుగా పెట్టండి. వరుస చెడిన వేరియంట్‌లో వరుస సంఖ్య, గడి పేరు, అక్కడ కనబడిన అక్షరాలు, మూల కారణమైన ఎర్రర్ ఉండాలి. వీటన్నిటినీ ఒకే స్ట్రింగ్‌గా కుట్టేస్తే పైథాన్ వైపు ఎవరైనా వరుస సంఖ్య కావాలనుకున్నప్పుడు ఆ వాక్యాన్ని తిరిగి చీల్చుకోవలసి వస్తుంది, మీరు సందేశంలో ఒక మాట మార్చిన రోజున వారి స్క్రిప్టు విరుగుతుంది. దిస్‌ఎర్రర్ అనే క్రేట్ వాడితే సందేశం, మూల కారణం చెప్పే ట్రెయిట్ కోడ్‌ను మీరు చేత్తో రాయనక్కరలేదు.

మమ్మల్ని దెబ్బతీసిన ఉచ్చు ఇక్కడే ఉంది. పైఓ3 కొన్ని ప్రామాణిక రస్ట్ ఎర్రర్లకు మార్పిడిని ముందే రాసి పెట్టింది: అంకెగా చదవలేని స్ట్రింగ్ నుంచి వచ్చే ఎర్రర్ వాల్యూఎర్రర్ అవుతుంది, ఫైల్ ఎర్రర్లు ఓఎస్‌ఎర్రర్ పిల్లలవుతాయి. ఫలితంగా, పైథాన్‌కు కనబడే ఫంక్షన్‌లోనే అంకెను చదివి, చివర ప్రశ్నార్థకం గుర్తు (ఎర్రర్ వస్తే దానిని పిలిచినవారికి అప్పగించేది) పెడితే కంపైలర్ ఏ అభ్యంతరం చెప్పదు. చూడడానికి కోడ్ ఎంతో శుభ్రంగా ఉంటుంది. వరుస సంఖ్య మాత్రం ఆ గుర్తు దగ్గరే రాలిపోతుంది. కాబట్టి అంకెను చదివే చోటే, ఒక ఎర్రర్‌ను మరో ఎర్రర్‌గా మార్చే మ్యాప్‌ఎర్ పిలిచి, మీ వేరియంట్‌లో వరుస సంఖ్యను, మూల అక్షరాలను నింపి, ఆ తరువాతే ప్రశ్నార్థకం పెట్టండి. వివరం ఎక్కడ తెలుసో అక్కడే దానిని ఎర్రర్‌కు తగిలించాలి, ఒక మెట్టు పైకి వెళ్లాక ఎవరూ తగిలించలేరు.

ఏ ఎర్రర్‌నైనా ఒకే రకంలో చుట్టేసే ఎనీహౌ క్రేట్ గురించి ఒక మాట. పైఓ3లో దానికి తగిన ఫీచర్ ఆన్ చేస్తే ఎనీహౌ ఎర్రర్లు రన్‌టైమ్‌ఎర్రర్‌లుగా మారిపోతాయి. ఒక్క వారం వాడి పక్కన పెట్టే పనిముట్టుకైతే అది హాయే. ఇతరులు వాడే లైబ్రరీకి నేను దానిని సూచించను, అన్నీ ఒకే క్లాసైతే మొదటి అడుగులో చేసిన వర్గీకరణంతా వృథా.

మూడవ అడుగు: పైథాన్ వైపు క్లాసులను నిలబెట్టండి

లైబ్రరీ మొత్తానికి ఒక తల్లి క్లాసు పెట్టి, దానిని వానఎర్రర్ అని పిలుద్దాం. చెడిన వరుసకు దాని కింద వరుసఎర్రర్ ఉంటుంది. లైబ్రరీ సొంత ఎర్రర్లలో ఏదైనా సరే పట్టుకోవాలనుకునేవారు తల్లిని, ప్రత్యేకంగా చూసుకోవాలనుకునేవారు పిల్లను పట్టుకుంటారు.

వీటిని సృష్టించడానికి పైఓ3లో క్రియేట్ ఎక్సెప్షన్ అనే మాక్రో ఉంది. మాడ్యూల్ పేరు, క్లాసు పేరు, తల్లి క్లాసు ఇస్తే సరిపోతుంది. అయితే మాక్రో రాసినంత మాత్రాన క్లాసు మాడ్యూల్‌లో కనబడదు, మాడ్యూల్‌ను తయారుచేసే ఫంక్షన్‌లో దానిని పేరుతో చేర్చాలి. ఇది మరిచిపోతే ఎక్సెప్షన్ వస్తుంది, ట్రేస్‌బ్యాక్‌లో పేరూ కనిపిస్తుంది, కానీ ఆ పేరును ఇంపోర్ట్ చేసి పట్టుకోవడం ఎవరి వల్లా కాదు.

ఈ మాక్రో ఒక్క తల్లినే ఒప్పుకుంటుంది. వరుసఎర్రర్ ఒకే సమయంలో వానఎర్రర్‌కూ, వాల్యూఎర్రర్‌కూ పిల్ల కావాలంటే, అంటే పాత స్క్రిప్టుల్లో వాల్యూఎర్రర్‌ను పట్టుకుంటున్నవారు ఇబ్బంది పడకూడదంటే, క్లాసులను ఒక చిన్న పైథాన్ ఫైల్‌లోనే రాసి, రస్ట్ వైపు ఇంపోర్ట్ ఎక్సెప్షన్ మాక్రోతో వాటిని తెచ్చుకోండి. నేను చాలాసార్లు ఈ రెండవ దారినే ఎంచుకుంటాను, క్లాసుకు వివరణ రాయడం, ఎడిటర్‌కు కనబడడం అన్నీ సులువవుతాయి. దీని లోటు ఒకటే: పేరులో అక్షరం తప్పితే కంపైలర్ పట్టుకోదు, నడిపినప్పుడే బయటపడుతుంది.

పైథాన్‌లో క్లాసు రాసేటప్పుడు ఇనిట్‌కు సందేశం, వరుస సంఖ్య, మూల అక్షరాలు మూడూ ఇస్తున్నట్లయితే, ఆ మూడింటినీ తల్లి ఇనిట్‌కు కూడా అందించండి. ఒక్క సందేశాన్నే పైకి పంపితే మామూలుగా అంతా బాగానే కనిపిస్తుంది. కానీ ఎక్సెప్షన్‌ను ఒక ప్రాసెస్ నుంచి మరో ప్రాసెస్‌కు పికిల్ చేసి (బైట్లుగా మార్చి) పంపినప్పుడు, అవతల దానిని తిరిగి కట్టేందుకు పైథాన్, తల్లి ఇనిట్‌కు అందినవి దాచే ఆర్గ్స్‌లో ఉన్నవాటితోనే క్లాసును పిలుస్తుంది. ఆర్గ్యుమెంట్లు చాలక టైప్‌ఎర్రర్ వస్తుంది, అసలు ఎర్రర్ మాయమవుతుంది, మల్టీప్రాసెసింగ్ పూల్ జవాబు రాకుండా వేలాడుతూ ఉండిపోనూవచ్చు. క్రియేట్ ఎక్సెప్షన్ మాక్రో వాడేవారికి ఇదే తంటా మరో రూపంలో ఎదురవుతుంది. మాక్రోకు ఇచ్చే మాడ్యూల్ పేరు నిజంగా ఇంపోర్ట్ అయ్యే దారి కాకపోతే పికిల్ దానిని వెతికి పట్టుకోలేదు.

నాలుగవ అడుగు: వంతెన ఒక్కచోటే కట్టండి

ఇప్పుడు అసలు క్రేట్ ఈనమ్‌ను పైఎర్‌గా (పైథాన్ ఎక్సెప్షన్‌కు పైఓ3లో ఉన్న రస్ట్ రకం) మార్చే ఫ్రమ్ ట్రెయిట్ రాయాలి. వంతెన క్రేట్‌లో నేరుగా రాయబోతే కంపైలర్ అడ్డుపడుతుంది. ఆ ఈనమ్ ఒక క్రేట్‌ది, పైఎర్ మరో క్రేట్‌ది, ట్రెయిట్ ప్రామాణిక లైబ్రరీది. ఏదీ మనది కానప్పుడు వాటిని ముడివేసే హక్కు మనకు లేదన్నది రస్ట్ నియమం. అందుకు ఈనమ్‌ను లోపల పెట్టుకునే ఒక చిన్న న్యూటైప్ స్ట్రక్ట్‌ను వంతెనలో రాసి, దానికి ఈనమ్ నుంచి ఒక ఫ్రమ్, దాని నుంచి పైఎర్‌కు మరో ఫ్రమ్ ఇవ్వండి. పైథాన్‌కు కనబడే ఫంక్షన్లు పైరిజల్ట్‌కు (పైఎర్ ఉన్న రిజల్ట్) బదులు ఈ న్యూటైప్ ఉన్న రిజల్ట్‌ను తిరిగి ఇవ్వాలి. పైఎర్‌గా మారగల ఏ ఎర్రర్ రకాన్నయినా పైఓ3 స్వీకరిస్తుంది. దీనివల్ల రెండవ అడుగులో చెప్పిన ఉచ్చు కూడా మూసుకుపోతుంది, న్యూటైప్‌లోకి అంకె ఎర్రర్ నేరుగా మారే దారి లేదు కాబట్టి ఊరికే పెట్టిన ప్రశ్నార్థకాన్ని కంపైలర్ తిప్పికొడుతుంది.

మార్పిడి లోపల మ్యాచ్ రాసేటప్పుడు "మిగిలినవన్నీ" అనే అర్థం ఇచ్చే అండర్‌స్కోర్ శాఖ పెట్టకండి. రేపు ఎవరైనా ఈనమ్‌లో కొత్త వేరియంట్ చేర్చితే, దీనికి పైథాన్‌లో ఏ క్లాసు అని కంపైలరే వారిని అడగాలి.

ఫైల్ ఎర్రర్ల విషయంలో పైఓ3 ఇచ్చే సిద్ధ మార్పిడి క్లాసును సరిగ్గానే ఎంచుతుంది గానీ, సందేశాన్ని ఒక స్ట్రింగ్‌గా మాత్రమే అందిస్తుంది. పైథాన్‌వారు అలవాటుగా చూసే ఎర్‌నో (ఎర్రర్ సంఖ్య), ఫైల్‌నేమ్ అనే అంశాలు ఖాళీగా ఉంటాయి. దీనికి బదులు ఓఎస్‌ఎర్రర్ క్లాసుకే ఎర్రర్ సంఖ్య, సందేశం, ఫైల్ దారి మూడింటినీ కలిపి ఇవ్వండి. 2012లో వచ్చిన పైథాన్ 3.3 నుంచి ఓఎస్‌ఎర్రర్ ఆ సంఖ్యను చూసి తానే సరైన పిల్ల క్లాసుగా మారుతుంది: 2 ఇస్తే ఫైల్‌నాట్‌ఫౌండ్‌ఎర్రర్, 13 ఇస్తే పర్మిషన్‌ఎర్రర్ అవుతుంది.

మూల కారణాన్ని సందేశం చివర అతికించకండి. పైఎర్ మీద సెట్ కాజ్ అనే పద్ధతి ఉంది. పైథాన్‌లో రెయిజ్ ఫ్రమ్ అని రాస్తే ఏ ఫలితం వస్తుందో దీనితోనూ అదే వస్తుంది, ట్రేస్‌బ్యాక్‌లో రెండు ఎక్సెప్షన్లూ ఒకదాని కింద ఒకటి కనబడతాయి.

సందేశంలో చెడిన అక్షరాలను చూపేటప్పుడు తెలుగువారు ప్రత్యేకంగా జాగ్రత్త పడవలసిన చోటు ఒకటి ఉంది. వరుస పొడవుగా ఉంటే మొదటి 40 బైట్లు చాలులే అని స్ట్రింగ్‌ను కోయాలనిపిస్తుంది. యూటీఎఫ్-8లో తెలుగు కోడ్ పాయింట్ ఒక్కొక్కటి 3 బైట్లు. "బేగంపేట" అన్న మాటలో గుణింతాలు, సున్నాతో కలిపి 7 కోడ్ పాయింట్లు, మొత్తం 21 బైట్లు. 40 అనేది మూడుతో భాగింపబడదు కాబట్టి అంతా తెలుగే ఉన్న వరుసలో ఆ కోత కచ్చితంగా ఒక అక్షరం మధ్యలో పడుతుంది, రస్ట్ అక్కడికక్కడే ప్యానిక్ అవుతుంది. ఎర్రర్‌ను వివరించబోయి ప్రోగ్రామే కూలడమన్నమాట. ఇంగ్లిష్ పేర్లతో చేసిన పరీక్షల్లో ఇది ఎన్నటికీ బయటపడదు. బైట్లను కాకుండా క్యారెక్టర్లను లెక్కపెట్టి కోయండి. అప్పుడు కూడా ఒక గుణింతం తెగిపోవచ్చు, చూడడానికి కాస్త వికారంగా ఉంటుంది తప్ప ప్రమాదమేమీ లేదు.

అయిదవ అడుగు: ఎదురు దిశలో వచ్చేవి

లైబ్రరీకి పైథాన్ ఫంక్షన్ ఒకదాన్ని (కాల్‌బ్యాక్) అప్పగించి, ప్రతి వరుసకూ దానిని పిలవమంటే ఎర్రర్ ఎదురు దిశలో ప్రయాణిస్తుంది. పైథాన్‌లో లేచిన ఎక్సెప్షన్ రస్ట్‌కు పైఎర్‌గా అందుతుంది. ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు దానిని స్ట్రింగ్‌గా మార్చి తమ ఈనమ్‌లో దాచుకోవడం. అలా చేస్తే క్లాసూ, ట్రేస్‌బ్యాకూ రెండూ పోతాయి, తిరిగి పైథాన్‌కు వెళ్లేది మీరు కొత్తగా తయారుచేసిన మరో ఎక్సెప్షన్. అసలు క్రేట్‌కు పైథాన్ తెలియకూడదని అనుకున్నాం కనుక, కాల్‌బ్యాక్ విఫలమైన వేరియంట్‌లో ఏ ఎర్రర్‌నైనా పెట్టుకోగల బాక్స్ ఉంచండి. పైఎర్ కూడా రస్ట్ ఎర్రర్ ట్రెయిట్‌ను పాటిస్తుంది కాబట్టి అందులో ఇముడుతుంది. వంతెన దగ్గర బాక్స్ తెరిచి, లోపల ఉన్నది పైఎర్ అయితే దానినే యథాతథంగా తిరిగి ఇచ్చేయండి. వాడుకరి రాసిన కాల్‌బ్యాక్‌లో కీఎర్రర్ వస్తే వాడుకరికి కీఎర్రరే కనబడాలి, తన ఫైల్‌లో తన వరుస సంఖ్యతో సహా.

చెడిన వరుసలను దాటవేయమనే ఐచ్ఛికం మీ లైబ్రరీలో ఉంటే మరో జాగ్రత్త అవసరం. కాల్‌బ్యాక్ నుంచి వచ్చినదల్లా "ఈ వరుస చెడింది" అని దాటవేయకండి. వాడుకరి కంట్రోల్ సీ నొక్కినప్పుడు వచ్చే కీబోర్డ్‌ఇంటరప్ట్ కూడా అదే దారిలో వస్తుంది. ఎక్సెప్షన్ క్లాసుకు చెందినవాటినే దాటవేసి, బేస్‌ఎక్సెప్షన్ నుంచి మాత్రమే పుట్టినవాటిని వెంటనే పైకి పంపండి.

కాల్‌బ్యాక్ లేని పొడవైన లూప్‌లో పరిస్థితి ఇంకోలా ఉంటుంది. కంట్రోల్ సీ నొక్కగానే పైథాన్ ఒక గుర్తు మాత్రమే పెట్టుకుంటుంది, ఇంటర్‌ప్రెటర్‌కు పగ్గాలు తిరిగి వచ్చేదాకా ఏమీ జరగదు. రస్ట్ లూప్ పది నిమిషాలు నడిస్తే పది నిమిషాలూ ఆ మీట పనిచేయనట్లే ఉంటుంది. కొన్ని వేల వరుసలకు ఒకసారి, ఆ గుర్తును చూసే పైఓ3 చెక్ సిగ్నల్స్ పిలిచి, వచ్చిన ఎర్రర్‌ను ప్రశ్నార్థకంతో పైకి వదలండి.

ఆరవ అడుగు: ప్యానిక్‌ను ఎర్రర్‌తో కలపకండి

రస్ట్‌లో ప్యానిక్ అంటే ప్రోగ్రామర్ తప్పు, ఇన్‌పుట్ తప్పు కాదు. పైఓ3 ప్యానిక్‌ను ఆపి ప్యానిక్‌ఎక్సెప్షన్‌గా మారుస్తుంది. అది బేస్‌ఎక్సెప్షన్ నుంచి నేరుగా పుట్టినది, కాబట్టి స్క్రిప్టులో ఎక్సెప్షన్‌ను పట్టుకునే మామూలు ట్రై బ్లాకుకు దొరకదు. ఇది కావాలని చేసిన ఏర్పాటే. లోపల ఏ స్థితిలో ఆగిపోయిందో తెలియని కోడ్‌ను ఏమీ జరగనట్లు తిరిగి నడపకూడదు. అందుచేత ఫైల్ నుంచి, ఆర్గ్యుమెంట్ నుంచి, నెట్‌వర్క్ నుంచి వచ్చిన ఏ విలువ మీదా అన్‌ర్యాప్ (ఎర్ ఉంటే ప్యానిక్ అయ్యేది) పిలవకండి. రస్ట్ కోడ్‌లో లోపాలు వెతికే క్లిప్పీలో దీనిని పట్టించే లింట్ (తనిఖీ నియమం) ఉంది, వంతెన క్రేట్‌లో దానిని తప్పకుండా ఆన్ చేయండి. రస్ట్ బిల్డ్ పనిముట్టు కార్గో ఫైల్‌లో ప్యానిక్‌కు అబార్ట్ అని పెట్టి ఉంటే మాత్రం ఈ రక్షణ ఉండదు, పైథాన్ ప్రాసెస్ మొత్తం, వాడుకరి తెరిచి ఉంచిన నోట్‌బుక్‌తో సహా, ఒక్కసారిగా ఆగిపోతుంది.

ఏడవ అడుగు: పైథాన్ వైపు నుంచే పరీక్షించండి

అసలు క్రేట్ పరీక్షలు రస్ట్‌లోనే ఉండనివ్వండి. వంతెన పరీక్షలను మాత్రం పైథాన్ పరీక్షల పనిముట్టు పైటెస్ట్‌లో రాయాలి, ఎందుకంటే చేరవలసినది చేరిందో లేదో అందుకున్న చోటే తెలుస్తుంది. ప్రతి వేరియంట్‌కూ ఒక చెడిన ఫైల్ తయారుచేసి, వచ్చిన క్లాసును, వరుస సంఖ్యను, మూల కారణాన్ని విడివిడిగా సరిచూడండి, సందేశం మాటలను అక్షరం అక్షరం పోల్చకండి. ఎక్సెప్షన్‌ను పికిల్ చేసి తిరిగి తెరిచే పరీక్ష ఒకటి, స్థలం పేర్లన్నీ తెలుగులో ఉన్న పొడవైన చెడు వరుసతో ఒకటి తప్పక ఉండాలి.

మాట్యురిన్ డెవలప్ ఆదేశం మామూలుగా డీబగ్ బిల్డ్ చేస్తుంది. డీబగ్‌లో పూర్ణాంకం పరిమితి దాటితే ప్యానిక్ అవుతుంది. రిలీజ్ బిల్డ్‌లో అదే అంకె చప్పుడు చేయకుండా చుట్టు తిరిగి తప్పు విలువ అవుతుంది. కొలతలను మిల్లీమీటర్లో పదో వంతులుగా 16 బిట్ల సంకేత పూర్ణాంకంలో కూడుతుంటే పరిమితి 32,767, అంటే సుమారు 3,277 మిల్లీమీటర్లు. 2020 అక్టోబరు 13, 14 తేదీల హైదరాబాద్ వాన వంటి రోజున చాలా కేంద్రాల గంటగంట కొలతలను కలిపితే ఆ హద్దు దాటడానికి ఎంతోసేపు పట్టదు. రెండు రకాల బిల్డ్‌లతోనూ పరీక్షలు నడపండి, కూడికల్లో, పరిమితి దాటితే నన్ (విలువ లేదు) అని ఇచ్చే చెక్డ్ యాడ్ వాడి, నన్ వచ్చినప్పుడు దానిని ఈనమ్‌లో ఒక వేరియంట్‌గా తిరిగి ఇవ్వండి. అండర్‌స్కోర్ శాఖ లేని మీ మ్యాచ్ వెంటనే కంపైల్ కావడం మానేసి, దానికి పైథాన్ క్లాసు అడుగుతుంది. మా దగ్గర దానికి పైథాన్ సొంత ఓవర్‌ఫ్లోఎర్రర్‌నే ఇచ్చాం.